గ్రూపులో 62 మంది ఉన్నారు, ఫోన్లు చేసేది మాత్రం నేనొక్కదాన్నే

గోదారి గట్టు
మే 18, రాత్రి 11:47

అందరికీ నమస్తే. ఇక్కడ ఏదో ఒక సేవ చేసేవాళ్లు చాలామంది ఉన్నారని తెలుసు, అందుకే అడుగుతున్నా. మాది రాజమండ్రి, టీచరుగా చేస్తున్నా. ఆరేళ్ల నుంచి రక్తదాతల గ్రూపు ఒకటి నడుపుతున్నాం. ట్రస్టు కాదు, రిజిస్ట్రేషన్ లేదు, ఎవరి దగ్గరా రూపాయి తీసుకోం. రక్తం కావాలని ఎవరైనా అడిగితే మా లిస్టులో ఉన్న దాతలకు ఫోన్లు చేసి, వీలున్నవాళ్లను బ్లడ్ బ్యాంకుకి పంపడమే పని. లిస్టులో 900 మంది దాకా దాతలున్నారు. వాలంటీర్ల వాట్సాప్ గ్రూపులో 62 మంది.

నిన్న మధ్యాహ్నం ఒక ఆస్పత్రి నుంచి ఓ నెగెటివ్ రెండు యూనిట్లు కావాలని వచ్చింది, కాన్పు కేసు. గ్రూపులో పెట్టా. యాభై మందికి పైగా చూశారు. పదకొండు మంది దండాల బొమ్మలు పెట్టారు, ఇద్దరు వేరే గ్రూపులకు ఫార్వర్డ్ చేశామన్నారు. దాతకు ఫోన్ చేసినవాళ్లు ఒక్కరూ లేరు. నేను అప్పుడు మా అత్తగారిని కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి ఉన్నా. ఆవిడ కళ్లలో చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకుని కూర్చుంటే పక్క బెంచీ మీద నుంచి 23 ఫోన్లు చేశా. 24వ ఆయన ధవళేశ్వరం నుంచి బండి మీద వచ్చారు. రెండో యూనిట్ సాయంత్రం ఆరున్నరకి గానీ దొరకలేదు. అసలే ఎండాకాలం, కాలేజీలకు సెలవులు, క్యాంపులు ఉండవు, హాస్టల్ పిల్లలంతా ఊళ్లకు వెళ్లిపోయారు.

నేను చేయని ప్రయత్నమంటూ లేదు. అక్టోబరు 1న, అంటే స్వచ్ఛంద రక్తదాన దినం రోజున టీషర్టులు ఇచ్చాం, సర్టిఫికెట్లు ఇచ్చాం. బతిమాలా, కోప్పడ్డా. పోయినేడాది బాధ్యతలు పంచి కూడా చూశా, ఎ పాజిటివ్ ఒకరికి, బి పాజిటివ్ ఒకరికి, అలా. రెండు వారాలు నడిచింది, మళ్లీ అన్నీ నా దగ్గరికే వచ్చాయి. వాళ్లేమీ చెడ్డవాళ్లు కాదు. అడిగితే రక్తం ఇస్తారు, క్యాంపు రోజు తెల్లారకముందే వచ్చి కుర్చీలు వేస్తారు. మిగతా రోజుల్లో ఎందుకు కదలరో నాకు అంతుపట్టడం లేదు. మీ దగ్గర ఎలా చేస్తున్నారు?


మిర్చి యార్డు
మే 19, ఉదయం 6:20

అక్కా, మాది గుంటూరు, మాకూ ఇదే గొడవ ఉండేది. పని చేయనివాళ్లను తీసేశాం. 80 మంది గ్రూపు 14కి దిగింది. ముగ్గురు అలిగారు, ఒకాయన ఇప్పటికీ మాట్లాడడు. కానీ ఇప్పుడు మెసేజ్ పెడితే ఎవరో ఒకరు పలుకుతారు. 62 మందిలో పెడితే ప్రతివాడూ ఇంకెవరో చూసుకుంటారులే అనుకుంటాడు, అది సహజం. నేనూ అలాగే అనుకుంటా వేరే గ్రూపుల్లో.


ఓరుగల్లు పిల్ల
మే 19, ఉదయం 9:05

మేడమ్, నేను ఇట్లాంటి గ్రూపులోంచి బయటికి వచ్చిన వాలంటీర్‌ని. మాది హన్మకొండ. మీకు కోపం రావచ్చు కానీ ఎందుకు వచ్చేశానో చెప్తా, మీకు పనికొస్తదేమో.

డిగ్రీ సెకండియర్‌లో చేరిన. చాలా ఇష్టంతో చేరిన, మా నాన్నకు ఆపరేషన్ అయినప్పుడు ఎవరో తెలియని మనిషి వచ్చి రక్తమిచ్చి పోయిండు, అందుకని. కొన్నాళ్లకు మా కోఆర్డినేటర్ మేడమ్ నాకు ఏబీ పాజిటివ్, ఏబీ నెగెటివ్ దాతల బాధ్యత ఇచ్చారు. లిస్టంతా నోటుబుక్కులో రాసుకున్న, ఎవరికి ఏ టైంలో ఫోన్ చేయచ్చు, ఎవరు ఏ ఏరియాలో ఉంటారు అన్నీ కనుక్కొని రాసిన. తర్వాత ఒకరోజు రిక్వెస్ట్ వచ్చింది. నేను మొదటి దాతకు ఫోన్ చేస్తే ఆయన "ఇప్పుడే మీ మేడమ్ మాట్లాడిండ్రు కదమ్మా" అన్నడు. రెండో ఆయనా అదే మాట. మేడమ్‌ని అడిగితే, "అర్జెంటు కదా, నువ్వు కొత్త కదా, అందుకని నేనే చేశా" అన్నారు. తిట్టలేదు, ప్రేమగనే చెప్పారు. మూడోసారి కూడా అట్లనే అయ్యేసరికి నేను ఫోన్ చేసే ముందు ఆగడం మొదలుపెట్టిన, ఎట్లాగూ మేడమ్ చేస్తారు కదా అని. ఇంకో నెలకు గ్రూపు మ్యూట్‌లో పెట్టిన. ఆ నోటుబుక్కు ఇప్పటికీ మా ఇంట్ల ఉంది.

మీరు పోయినేడాది బాధ్యతలు పంచినప్పుడు ఆ రెండు వారాలూ మీరు ఎవరికీ ఫోన్ చేయకుండా ఉన్నారా మేడమ్? నిజంగనే అడుగుతున్న, తప్పుగా అనుకోవద్దు.


గోదారి గట్టు
మే 19, మధ్యాహ్నం 1:30

చేశానమ్మా. నాలుగైదుసార్లు చేశా. బి పాజిటివ్ చూసే అబ్బాయి అరగంటైనా జవాబివ్వలేదని నేనే అందుకున్నా. తర్వాత తెలిసింది, వాడు అప్పటికే ఇద్దరితో మాట్లాడి ఒకరిని ఒప్పించాడట. నాకు చెప్పడానికి ఫోన్ తీసేలోపే నేను వేరే దాతని పంపేశా. వాడేమీ అనలేదు. అనకపోవడంతో నేనూ పట్టించుకోలేదు.

కానీ ఒక్క మాట. అటువైపు మనిషి ఆపరేషన్ టేబుల్ మీద ఉంటే అరగంట చూస్తూ కూర్చోవడం నాకు చేతకాదు. అది నా గుణమేమో. బాధ్యత ఇచ్చి నేర్చుకోనివ్వడం బడిలో పిల్లలకైతే సరే, రక్తం విషయంలో ఎలా కుదురుతుంది?


ల్యాబ్ బాబాయ్
మే 19, రాత్రి 8:15

అమ్మా, నేను బ్లడ్ బ్యాంకులో టెక్నీషియన్‌గా 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. కిటికీకి ఇవతలి నుంచి మీలాంటి గ్రూపుల్ని చాలా చూశాను, కొంచెం వివరంగా రాస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో డబ్బు తీసుకుని రక్తమిచ్చేవాళ్లు ఆస్పత్రి గేటు దగ్గరే ఉండేవారు. 1996లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, దాంతో 1998 జనవరి 1 నుంచి అది ఆగిపోయింది. ఇక ఎలా నెట్టుకొస్తామా అని మాకందరికీ టెన్షన్. నెట్టుకొచ్చింది వాలంటీర్లే. ఆ ఏడాదే అక్టోబరు 2న హైదరాబాద్‌లో చిరంజీవి బ్లడ్ బ్యాంకు మొదలైంది, ఊరూరా అభిమాన సంఘాల కుర్రాళ్లు దాతలయ్యారు. మా ఊళ్లో ఆ కుర్రాళ్లు ఎలా పనిచేసేవారో దగ్గర నుంచి చూశాను. ఏ క్యాంపు ఎక్కడ పెట్టాలో, ఎవరిని పిలవాలో వాళ్లే చూసుకునేవారు, అది మా సంఘం క్యాంపు అనేవారు. ఆ "మా" అన్న మాట ఉంటే పొద్దున్నే లేపాల్సిన పని లేదు.

మీ పంపకంలో నాకు కనిపించే లోపం ఇంకొకటి. బి పాజిటివ్ బాధ్యత ఇచ్చారు. బి పాజిటివ్‌కి ముఖం లేదమ్మా. ఇవాళ ఒకరు, రేపు ఒకరు, రక్తం ఎక్కాక ఏమయ్యారో తెలియదు. ఎవరి కోసం చేస్తున్నామో తెలియని పని కొన్నాళ్లకు ఫోన్ డ్యూటీ అయిపోతుంది. మీ ఊళ్లో తలసీమియా పిల్లలు, అంటే పుట్టుకతోనే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని జబ్బున్న పిల్లలు ఉంటారు కదా, వాళ్లతో మొదలుపెట్టి చూడండి. ఆ పిల్లలకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి జీవితాంతం రక్తం ఎక్కించాలి. అర్జెంటు కాదు, తేదీ ముందే తెలుస్తుంది. మీ భయానికి అదే జవాబు, వాలంటీరు తడబడినా సర్దుకోవడానికి రోజులుంటాయి.

లెక్క చూడండి. మూడు వారాలకోసారి అంటే ఏడాదికి 17 సార్లు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి ఇవ్వచ్చు. ఒక మనిషి ఏడాదికి నాలుగుసార్లకు మించి ఇవ్వలేడు, అంటే ఒక్క బిడ్డకు కనీసం ఐదుగురు దాతలు కావాలి. జ్వరాలు, ప్రయాణాలు, హిమోగ్లోబిన్ పన్నెండున్నర లేక వెనక్కి పంపడాలు ఉంటాయి కాబట్టి పదిమంది ఉంటే నిశ్చింత. ఒక వాలంటీరు, ఒక బిడ్డ, పదిమంది దాతలు. ఆ పదిమందిని ఎంచుకోవడం, తేదీలు వేసుకోవడం, బిడ్డ తల్లితో మాట్లాడటం అన్నీ వాళ్లవే. మీరు చేయాల్సిందల్లా ఆ పదిమందికీ ఫోన్ చేయకుండా ఉండటం.


పాతబస్తీ సైకిల్
మే 20, ఉదయం 7:50

బాబాయ్ చెప్పింది బాగుంది గానీ నేను కొంచెం అడ్డం మాట్లాడతా. ఎవరికి పడితే వాళ్లకు బాధ్యత అని లిస్టులు చేతికిస్తే ఏమవుతుందో మేం చూశాం. మా గ్రూపులో ఒకడు చాలా చురుగ్గా ఉండేవాడు, ఏ అర్ధరాత్రైనా పలికేవాడు. ఏడు నెలల తర్వాత ఒక పేషెంట్ తమ్ముడు మాకు ఫోన్ చేసి "మీకు ఇచ్చిన మూడు వేలకు రసీదు ఇస్తారా" అని అడిగాడు. అప్పుడు తెలిసింది వాడు దాతలకు ఆటో ఛార్జీలని చెప్పి వసూలు చేస్తున్నాడని. దాతలకు పైసా అందలేదు, వాళ్లు అడగనూ లేదు. గ్రూపు పేరు పోయింది, సగం మంది దాతలు ఫోన్ ఎత్తడం మానేశారు. దాతల నంబర్లు బయటికి పోతే ఆడపిల్లలకు వచ్చే పిచ్చి కాల్స్ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అందుకే మేం ఇప్పుడు అన్నీ ముగ్గురమే చూస్తాం. కష్టమే, కానీ రాత్రి నిద్ర పడుతుంది.


పొదుపు సంఘం
మే 20, మధ్యాహ్నం 3:10

సైకిల్ తమ్ముడూ, మీ అనుభవం నిజమే. కానీ దానికి మందు ముగ్గురే మొయ్యడం కాదు. నేను నెల్లూరు జిల్లా, మహిళా సంఘంలో 22 ఏళ్ల నుంచి ఉన్నా, రెండుసార్లు లీడర్‌గా చేశా. డబ్బుతో నడిచే సంఘం మాది, మోసం అనే భయం మాకంటే ఎవరికి ఎక్కువ?

మా సంఘంలో మొదట్లో డబ్బుపెట్టె ఒకరింట్లో ఉండేది, తాళం చెవి ఇంకొకరింట్లో, పుస్తకాలు మూడో మనిషి దగ్గర. మీటింగులో అందరి ముందే తెరుస్తాం, అందరి ముందే లెక్క చదువుతాం, అందరి ముందే మూస్తాం. ముగ్గురికీ బాధ్యత ఉంది, ఒక్కరే తప్పు చేయాలంటే కుదరదు. అనుమానం ఉండి కాదు, అనుమానం రాకుండా. మీ వాడి విషయంలో కూడా దాతకీ పేషెంట్ ఇంటివాళ్లకీ మొదటిరోజే "మేం డబ్బు తీసుకోం, ఎవరైనా అడిగితే ఈ నంబరుకి చెప్పండి" అని ఒక మెసేజ్ వెళ్లే పద్ధతి ఉంటే ఏడు నెలలు సాగేది కాదు.

మా జిల్లా సంగతి ఇంకొకటి చెప్పాలి. 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు రాత్రిబడిలో చదువు చెప్పినవాళ్లంతా వాలంటీర్లే, మా మేనత్త కూడా చెప్పింది. అ ఆలు నేర్చుకోవడానికి లాంతరు ముందు కూర్చున్న ఆడవాళ్లే సారా గురించి మాట్లాడుకున్నారు, దూబగుంటలో సారా కొట్టు మూయించారు. పై నుంచి ఎవరూ ఆర్డరు వేయలేదు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరులో ప్రభుత్వం సారా నిషేధించేదాకా పోయింది. ఆ తర్వాతే రోజుకు రూపాయి పొదుపు. పలక పట్టుకోవడం కొత్తగా నేర్చుకున్న మనిషిని నమ్మి వదిలేస్తే ఎంత దూరం పోతుందో మేం కళ్లారా చూసినవాళ్లం. అందుకే "వాళ్లకు రాదు, మనమే చేద్దాం" అనే మాట వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.


టెక్సాస్ తెలుగు
మే 20, రాత్రి 10:40

మేం డాలస్ దగ్గర ఉంటాం. ఆదివారాలు పిల్లలకు తెలుగు క్లాసులు నడుపుతాం, చెప్పేవాళ్లంతా తల్లిదండ్రులే. నాకు తెలిసిన ఒక్క సంగతి చెప్తాను. బాధ్యత ఇచ్చేటప్పుడు అది ఎప్పుడు దిగిపోతుందో కూడా చెప్పండి. మా దగ్గర ఒకావిడకి వార్షికోత్సవం బాధ్యత అప్పగించాం, అద్భుతంగా చేసింది. అంత బాగా చేసిందని మళ్లీ ఏడాదీ ఆవిడకే, ఆ పై ఏడాదీ ఆవిడకే. నాలుగో ఏడాది అసలు పిల్లల్నే మాన్పించింది. అలసిపోయిందని ఎవరం కనుక్కోలేదు. ఇప్పుడు ఏ పనైనా ఒక్క సెమిస్టరుకే. చివరి నెలలో పక్కనే ఇంకొకరు ఉండి నేర్చుకోవాలి. కావాలంటే కొనసాగొచ్చు, కానీ అడగాలి. దిగిపోవడానికి దారి కనిపిస్తే ఎక్కడానికి జనం భయపడరు.


అరుగు మీద పేపరు
మే 21, ఉదయం 6:45

ఇది చదువుతుంటే మా ఊరి లైబ్రరీ గుర్తొచ్చింది, రాయకుండా ఉండలేకపోతున్నా. మాది చీరాల దగ్గర పల్లె. పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో ఊరివాళ్లు పెట్టుకున్నది, 1929లో గాంధీగారు వచ్చి శంకుస్థాపన చేసిన భవనం. కృష్ణా డెల్టా కాలవల మీద 1935లో పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పంపించిన ప్రాంతం మాది. అందుకే మా ఊళ్లో లైబ్రరీ మూతపడితే పెద్దవాళ్లకు చాలా చిన్నతనంగా ఉండేది.

మాది ఒక గది, రెండు వేల పుస్తకాలు. తాళం చెవి ఒక రిటైర్డ్ మాస్టారి దగ్గర ఉండేది. ఆయన సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా తీసేవారు, ఆయన కొడుకు దగ్గరికి వెళ్తే నెల రోజులు మూత. మేం నలుగురైదుగురం వాలంటీర్లం, మా పని దుమ్ము దులపడం, జనవరి 26కి రంగు కాగితాలు అంటించడం. ఒకసారి ఆయనకు కాలు విరిగింది. తాళం చెవి తెచ్చి తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి చేతిలో పెట్టి, "నెల రోజులు నీదిరా" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు.

వాడు మొదటి వారంలోనే టైం మార్చేశాడు. నాలుగింటికి పిల్లలు ట్యూషన్లో ఉంటారు, పెద్దవాళ్లు గేదెల దగ్గర ఉంటారు, ఆ టైంలో ఎవరొస్తారు అని ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర పెట్టాడు. పేపర్లను లోపలి బల్ల మీద నుంచి బయట అరుగు మీదికి తెచ్చాడు, మోకాళ్ల నొప్పులున్న తాతలు మెట్లెక్కలేరని. ఒక పేపరు గాలికి కాలవలో పడింది. మాస్టారికి ఈ సంగతులన్నీ చేరాయి. మంచం మీద నుంచే "పేపరు మీద రాయి పెట్టమను" అని కబురు పంపారు. టైం సంగతి ఎత్తలేదు. నెల అయ్యాక తాళం చెవి వెనక్కి తీసుకోలేదు, ఇంకో పిల్లకి ఇమ్మన్నారు. పదకొండేళ్లయింది, తాళం చెవి నెలకొకరి చేతికి మారుతూనే ఉంది. తొమ్మిదో తరగతి అబ్బాయిని నేనే.


గోదారి గట్టు
మే 23, రాత్రి 11:10

అందరి పోస్టులూ రెండు మూడుసార్లు చదివా. ఓరుగల్లు పిల్లా, నీ నోటుబుక్కు సంగతి చదివాక ఆ బి పాజిటివ్ అబ్బాయికి ఫోన్ చేశా. అప్పుడు జరిగినదానికి సారీ చెప్పా. కాసేపు మాట్లాడలేదు, తర్వాత "పర్లేదు మేడమ్, నేనే చెప్పుండాల్సింది" అన్నాడు. వాడిని మళ్లీ అడిగితే వస్తానన్నాడు.

ఇలా అనుకుంటున్నా. మాకు తెలిసిన తలసీమియా పిల్లలు ఏడుగురున్నారు. వాళ్ల తల్లిదండ్రులను అడిగి, సరేనంటేనే, ఏడుగురు వాలంటీర్లకు ఒక్కొక్కరిని అప్పగిస్తా. అర్జెంటు కేసులు మాత్రం ప్రస్తుతానికి నా దగ్గరే, నాతో ఇద్దరు వారాలు పంచుకుంటారు. ఒకరి వారంలో ఇంకొకరం వేలు పెట్టం. నంబర్ల లిస్టు మొత్తం ఎవరికీ ఇవ్వను, ఎవరి పదిమంది నంబర్లు వాళ్లకే. డబ్బుల సంగతి ముందే మెసేజ్. మూడు నెలలు, ఆ తర్వాత దిగిపోవచ్చు. పెద్ద గ్రూపు అలాగే ఉంటుంది, నాకు తీసేయడానికి మనసు రాలేదు మిర్చి యార్డు తమ్ముడూ.


ఓరుగల్లు పిల్ల
మే 24, ఉదయం 8:00

మేడమ్ ❤️ ఒక్కటి. వాలంటీర్లు తప్పు చేసిన రోజు మీరేం చేస్తారో ఇప్పుడే అనుకొని పెట్టుకోండి. మంచిగ జరిగినప్పుడు బాధ్యత ఇవ్వడం అలకగనే ఉంటది.


గోదారి గట్టు
ఆగస్టు 20, రాత్రి 9:30

చాలా రోజులకు వచ్చా. డెంగీ సీజను, ప్లేట్‌లెట్ల ఫోన్లతో ఊపిరాడటం లేదు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులకు మించి నిలవ ఉండవు కదా, ముందే తీసి పెట్టుకుందామంటే కుదరదు. అయినా ఈసారి నేను ఒక్కదాన్నే లేను.

ఏడుగురు పిల్లల్లో ఐదుగురి పని బాగా నడుస్తోంది. ఒక అమ్మాయికి పెళ్లి కుదిరి మానేసింది, ముందే చెప్పి, నోటుబుక్కు ఇంకొకరికి అప్పగించి మరీ వెళ్లింది. ఒకరు మాత్రం రెండు నెలలు ఏమీ చేయకుండా అన్నీ బాగున్నాయని చెబుతూ వచ్చారు. బిడ్డ తల్లి నాకు ఫోన్ చేస్తే తెలిసింది. అక్కడ మార్చాల్సి వచ్చింది, ఆ సంభాషణ చాలా ఇబ్బందిగా జరిగింది. పొదుపు సంఘం అక్క చెప్పినట్టు, నెలకోసారి అందరం కూర్చుని ఎవరి లెక్క వాళ్లు చదివే పద్ధతి మొదట్నుంచీ పెట్టుంటే ఆ రెండు నెలలు పోయేవి కాదు. ఇప్పుడు పెట్టాం.

ఓరుగల్లు పిల్లా, నువ్వు చెప్పిన ఆ రోజు కూడా వచ్చింది. బి పాజిటివ్ అబ్బాయికి ఏడేళ్ల బాబుని అప్పగించా. జూలైలో వాడు పిలిచిన దాత బ్లడ్ బ్యాంకుకి వెళ్తే, ఆయన రక్తమిచ్చి 71 రోజులే అయిందని వెనక్కి పంపేశారు. వాడు తేదీ సరిగ్గా చూసుకోలేదు. బాబుని తీసుకుని వాళ్లమ్మ అప్పటికే రెండు బస్సులు మారి వచ్చి కూర్చుని ఉంది. వాళ్లమ్మ నాకు ఫోన్ చేసింది. నా చేతిలో ఫోనుంది, లిస్టుంది, పది నిమిషాల్లో ఎవరినో ఒకరిని పంపగలను. డాక్టరుని అడిగితే సాయంత్రం దాకా ఆగినా ఇబ్బంది లేదన్నారు. ఆ మాట విన్నాక ఫోను బల్ల మీద బోర్లా పెట్టా. వాడికి ఒకే మెసేజ్ పెట్టా, "బాబు అక్కడే ఉన్నాడు, సాయంత్రం దాకా టైం ఉందన్నారు, చూసుకో" అని. ఆ తర్వాతి గంటన్నర నాకు ఎలా గడిచిందో చెప్పలేను. పప్పు మాడిపోయింది.

నాలుగింటికి వాడి నుంచి ఫొటో వచ్చింది. దాత మంచం మీద పడుకుని చేతిలో బంతి నొక్కుతున్నాడు. నాకు ముఖం తెలియదు, మా 900 మందిలో లేనే లేడు. వాడి పెదనాన్న కొడుకట, మొదటిసారి ఇస్తున్నాడట. ఆ రాత్రి వాడు తన లిస్టులో ప్రతి పేరు పక్కనా "మళ్లీ ఎప్పుడు ఇవ్వచ్చు" అని ఒక గడి గీసి తేదీలు వేశాడు. వెనక్కి వెళ్లిపోయిన దాత ఇంటికి వెళ్లి, శ్రమపెట్టినందుకు క్షమించమని అడిగి వచ్చాడు. ఇవేవీ నేను చెప్పలేదు. మిగతా ఆరుగురూ ఆ గడిని వాడి దగ్గర నుంచే తీసుకున్నారు.


పాతబస్తీ సైకిల్
ఆగస్టు 21, ఉదయం 7:15

అక్కా, ఆ లిస్టు నమూనా నాకు పంపుతారా, పేర్లు నంబర్లు లేకుండా. మా ముగ్గురిలో ఒకరు బెంగుళూరు వెళ్లిపోతున్నారు. ఇద్దరు కొత్తవాళ్లకు చెరో బిడ్డని ఇచ్చి చూద్దామనుకుంటున్నాం.


గోదారి గట్టు
ఆగస్టు 21, ఉదయం 7:40

అది నాది కాదు తమ్ముడూ, వాడిని అడగాలి. ఇక్కడ చేరమని చెప్తా.


ఏడేళ్ల బాబు మామయ్య
ఆగస్టు 22, రాత్రి 10:05

అందరికీ నమస్తే అండి. మేడమ్ చెప్పారు. సైకిల్ అన్నా, లిస్టు మీకు పంపాను చూడండి. మూడో గడిలో ఊరు కాదు, ఆ దాత ఇంటి నుంచి బ్లడ్ బ్యాంకుకి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసుకోండి, అది బాగా పనికొస్తుంది.

ల్యాబ్ బాబాయ్ గారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. మా బాబుకి వచ్చే తేదీ సెప్టెంబరు 2. ఇద్దరు దాతలు ఒప్పుకున్నారు, మూడో ఆయనని ఎందుకైనా మంచిదని అనుకుని ఉంచాను. ఇబ్బంది ఏంటంటే పోయిన రెండుసార్లూ ఎక్కించే ముందు చూస్తే హిమోగ్లోబిన్ ఎనిమిదికి కొంచెం పైన ఉంది. తొమ్మిదికి తగ్గనివ్వకూడదని విన్నాను. వాళ్లమ్మకి కూలి పోతుందని ఒకటి రెండు రోజులు వెనక్కి జరుపుతోంది, ఆవిడని ఏమీ అనలేను. తేదీలు కొంచెం దగ్గరగా వేయమని డాక్టరు గారిని మేం అడగొచ్చా? ఆదివారం కుదిరితే ఆవిడకి పని పోదు, నాకూ సెలవే, నేనే బండి మీద తీసుకొస్తాను.


ల్యాబ్ బాబాయ్
ఆగస్టు 23, ఉదయం 5:50

అడగొచ్చు నాన్నా, కానీ నువ్వు కాదు, వాళ్లమ్మ అడగాలి, నువ్వు పక్కన ఉండు. ఎన్ని రోజులకోసారి అనేది డాక్టరుగారే చెప్పాలి. పోయిన ఆరుసార్ల తేదీలు, ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ ఎంతుందో ఒకే కాగితం మీద వరసగా రాసి తీసుకెళ్లండి, చూడగానే ఆయనకు అర్థమవుతుంది. బాబు బరువు కూడా రాయండి, పిల్లలు పెరిగేకొద్దీ ఎక్కించే రక్తం లెక్క మారుతుంది. ఆదివారం ఆ సెంటర్లో పిల్లలకు రక్తం ఎక్కించే డే కేర్ తీసి ఉంటుందో లేదో సోమవారమే ఫోన్ చేసి కనుక్కో. అన్నిసార్లు రక్తం ఎక్కిస్తే ఒంట్లో ఐరన్ పేరుకుంటుంది, అది పేరుకోకుండా మందు వాడుతున్నాడా? ఐరన్ ఎంత పేరుకుందో చూసే ఫెరిటిన్ పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో వాళ్లమ్మని అడిగి ఇక్కడ రాయి.


ఏడేళ్ల బాబు మామయ్య
ఆగస్టు 23, ఉదయం 6:30

వాడుతున్నాడండి, పొద్దున్నే నీళ్లలో కలిపి ఇస్తుందట. పరీక్ష సంగతి ఆవిడకి గుర్తులేదంది, పాత కాగితాలన్నీ బియ్యం డబ్బా మీద సంచిలో ఉన్నాయట. సాయంత్రం వెళ్లి చూసొచ్చి రాస్తాను.